పిల్లవాడి ఐఈపీలో పెద్దవాళ్ళ చదువు

హెర్న్‌డన్, రెస్టన్, స్టెర్లింగ్, యాష్‌బర్న్, షాంటిలీ... ఉత్తర వర్జీనియాలో ఎక్కడ ఉండి వింటున్నా సరే, ఇంట్లో ఐఈపీ ఉన్న బిడ్డ, అంటే బడివాళ్ళు విడిగా ప్రత్యేక విద్యా పథకం రాసిన బిడ్డ, ఉంటే ఈ ప్రసంగం మీ కోసం. లేకపోతే, మీ పిల్లల క్లాసులో పక్క బల్ల మీద కూర్చునే బిడ్డ కోసం వినండి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. రెండో తరగతి చదివే బాబు ఒకడున్నాడనుకోండి. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. బడిలో రోజుకు ఆరు గంటల పైన, అంటే వారానికి ముప్ఫై గంటల పైన ఉంటాడు. వాడి ఐఈపీలో స్పీచ్ థెరపీ వారానికి గంట, ఆక్యుపేషనల్ థెరపీ ఒక అరగంట, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు దగ్గర రోజుకో గంట రాశారనుకుందాం. అన్నీ కలిపితే ఆరున్నర గంటలు. మిగిలిన ఇరవై నాలుగు గంటలు ఎవరి చేతుల్లో ఉంటాడు? మామూలు క్లాసు టీచరు, ఆవిడ పక్కనుండే ఇన్‌స్ట్రక్షనల్ అసిస్టెంట్, సంగీతం టీచరు, ఆటల టీచరు, మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడేవాళ్ళు, బస్సు నడిపే ఆయన, బస్సులో తోడుండే ఆవిడ.

ఐఈపీ మీటింగుకు వెళ్ళిన మన అమ్మానాన్నలు ఆ ఆరున్నర గంటల కోసం గట్టిగా అడుగుతారు. స్పీచ్ అరగంట పెంచండి, ఓటీ ఇంకో పావుగంట ఇవ్వండి అంటారు. అడగాల్సిందే, తప్పులేదు. కానీ ఆ ఇరవై నాలుగు గంటలు బిడ్డ పక్కన ఉండే పెద్దవాళ్ళకు ఏం వచ్చు, ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు అని అడిగేవాళ్ళు చాలా అరుదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

చట్టంలో దీనికి చోటుంది. వికలాంగుల విద్యకు సంబంధించిన ఫెడరల్ చట్టాన్ని ఇక్కడ ఐడియా అంటారు. దాని కింద వచ్చిన నియమాలు ఐఈపీలో ఏమేం ఉండాలో వరుసగా చెబుతాయి. బిడ్డ ఇప్పుడెక్కడున్నాడు, ఏడాదిలో ఎక్కడికి చేరాలి, ఏ సేవలు అందుతాయి, ఎన్ని నిమిషాలు అందుతాయి. ఇవన్నీ మనకు తెలుసు. వీటి మధ్యనే మరొక అంశం ఉంది. ఆ బిడ్డ ముందుకెళ్ళడం కోసం బడి సిబ్బందికి ఏ తోడ్పాటు ఇస్తారో కూడా ఐఈపీలో రాయాలి. అంటే, టీచరుకు కావలసిన శిక్షణను పిల్లవాడి కాగితంలోనే రాయించవచ్చు. అసిస్టెంట్ల గురించి కూడా చట్టం నోరు విప్పింది. తగిన శిక్షణ, తగిన పర్యవేక్షణ ఉన్న సహాయకులనే ప్రత్యేక విద్యలో తోడు పెట్టుకోవచ్చునంది. ఐఈపీ అమలు చేసే ప్రతి టీచరుకూ ఆ కాగితం అందుబాటులో ఉండాలనీ, అందులో తన వంతు ఏమిటో ఆ టీచరుకు చెప్పి తీరాలనీ అంది. ఆటల టీచరుకైనా ఇదే వర్తిస్తుంది.

నేను చూసిన ఐఈపీల్లో ఆ సిబ్బంది తోడ్పాటు దగ్గర చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, లేదా ఏ బిడ్డకైనా సరిపోయే ఒకే వాక్యం ఉంటుంది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఉందని అనుకోను. గంటన్నర మీటింగులో అక్కడికి వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. అడిగేవాళ్ళు లేనప్పుడు ఏ కాగితమైనా అంతే.

ఈ పిల్లలకు చదువు హక్కు పుట్టింది మనకు ఎంతో దూరంలో కాదు. హెర్న్‌డన్ నుంచి వాషింగ్టన్ నగరం ఇరవై అయిదు మైళ్ళు. ఆ నగరంలోనే 1971లో ఏడుగురు పిల్లల తరఫున కేసు పడింది. బడివాళ్ళు వీళ్ళను చేర్చుకోలేదు, లేదా బయటికి పంపేశారు. మొదటి పేరు పీటర్ మిల్స్‌ది కాబట్టి దాన్ని మిల్స్ కేసు అంటారు. నగరంలో వైకల్యమున్న పిల్లలు ఇరవై రెండు వేలమంది ఉంటారనీ, వాళ్ళలో పద్దెనిమిది వేలమంది దాకా ప్రత్యేక విద్య అందకుండా ఉండవచ్చనీ ఆ తీర్పులోనే ఉంది. మా దగ్గర డబ్బు చాలదు అంది నగర విద్యా బోర్డు. 1972 ఆగస్టులో జడ్జి జోసెఫ్ వాడీ ఆ మాట ఒప్పుకోలేదు. డబ్బు చాలకపోతే ఆ కొరత అందరి మీదా పడాలి గాని, ఈ పిల్లల మీదే ఎక్కువగా పడకూడదన్నారు. పెన్సిల్వేనియాలో వచ్చిన మరో తీర్పు, ఈ తీర్పు కలిసి దారి వేశాయి. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ చట్టం మీద సంతకం పెట్టారు. మనం ఇప్పుడు ఐడియా అంటున్నది ఆ చట్టాన్నే. 2025 నవంబరుకు యాభై ఏళ్ళు నిండాయి.

అయితే, ఈ పిల్లలకు చదువు చెప్పేవాళ్ళకు విడిగా చదువు కావాలన్న సంగతి చట్టం కంటే చాలా ముందే తెలిసినవాళ్ళున్నారు. న్యూయార్క్ మురికివాడల్లో ఎలిజబెత్ ఫారెల్ అనే టీచరు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఏ తరగతిలోనూ ఇమడని పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. 1922లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఆవిడా, ఆవిడ దగ్గర చదువుకున్న టీచర్లూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే కౌన్సిల్ ఫర్ ఎక్సెప్షనల్ చిల్డ్రన్. మొదటి అధ్యక్షురాలు ఫారెలే. ఆ సంఘం ప్రధాన కార్యాలయం ఎన్నో ఏళ్ళపాటు ఇక్కడే, మన పక్క ఊరు రెస్టన్‌లో, అసోసియేషన్ డ్రైవ్ మీద ఉండేది. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు చదివే పత్రికలు, వాళ్ళు పాటించాల్సిన ప్రమాణాలు ఎన్నో ఆ చిరునామా నుంచే దేశమంతా వెళ్ళాయి. హెర్న్‌డన్‌లో కాపురముండే మనలో ఎంతమంది ఆ వీధి మీదుగా కారులో పోయి ఉంటారో!

సరే, శిక్షణ అంటున్నాను గదా, ఏమిటది? కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో చూసి, చివర పది ప్రశ్నలకు జవాబు నొక్కి సర్టిఫికెట్ తీసుకోవడమా? అదీ ఉంది. దాని వల్ల విషయం తెలుస్తుంది, చేతికి పని రాదు. చేతికి పని వచ్చే శిక్షణ ఎలా ఉంటుందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మనం ఇంట్లో కూడా వాడుకోవచ్చు.

మొదటిది ఆగడం. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతుంది అన్నదాన్ని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో కొలిచి చూసింది. సగటున ఒక్క సెకను. మామూలు పిల్లల క్లాసులోనే అంత. మూడు సెకన్లు, అంతకుమించి ఆగడం నేర్చుకున్న టీచర్ల క్లాసుల్లో పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. మరి వినడానికీ, విన్నది అర్థం చేసుకోవడానికీ, చెయ్యి కదపడానికీ ఎక్కువ సమయం పట్టే బిడ్డ సంగతేమిటి? ఆ బిడ్డకు పది సెకన్లు కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు. ఆ పది సెకన్లూ ఊరుకోవడం పెద్దవాళ్ళకు చాలా కష్టం. మనం మళ్ళీ అడిగేస్తాం, ఇంకోలా అడిగేస్తాం, చివరికి మనమే జవాబు చెప్పేస్తాం. ప్రతిసారీ బిడ్డ మెదడులో పని మళ్ళీ మొదటికొస్తుంది. నేను ఈ పిల్లలతో పనిచేయడానికి కొత్తగా వచ్చినప్పుడు ఒక సీనియర్ టీచరు నా పక్కన నిలబడి, బల్ల కింద తన వేళ్ళతో లెక్కపెడుతూ నాకు ఆగడం నేర్పింది. ఏ వీడియోలోనూ అంత బాగా నేర్చుకోలేదు.

రెండోది సాయాన్ని మెట్లు మెట్లుగా ఇవ్వడం, మెట్లు మెట్లుగా తీసేయడం. బ్యాగు జిప్పు తియ్యాలి. ముందు ఊరుకుని చూడాలి. కదలకపోతే జిప్పు వైపు చూపించాలి. అప్పటికీ కాకపోతే మాట చెప్పాలి. ఆ తర్వాత తను చేసి చూపించాలి. అన్నిటికన్నా ఆఖరున, బిడ్డకు ఇష్టమైతేనే, చెయ్యి పట్టుకుని చేయించాలి. శిక్షణ లేని మనిషి మొదటి మెట్టు మీదే చెయ్యి పట్టుకుంటుంది, లేదా జిప్పు తనే తీసేస్తుంది. ప్రేమతోనే చేస్తుంది. కానీ అలా రెండేళ్ళు గడిచాక ఆ బిడ్డకు జిప్పు తియ్యడం రాదు, జిప్పు దగ్గరికి వచ్చినప్పుడు పెద్దవాళ్ళ ముఖం వైపు చూడడం మాత్రం వస్తుంది.

మూడోది ప్రవర్తన. లెక్కల కాగితం బల్ల మీద పెట్టగానే బాబు పెన్సిలు విసిరాడు అనుకుందాం. వాణ్ణి వరండాలోకి పంపారు. మర్నాడు లెక్కల కాగితం రాగానే మళ్ళీ విసిరాడు. తెలియని కంటికి వాడు మొండివాడు. నేర్చుకున్న కన్ను మూడు సంగతులు రాసుకుంటుంది. విసరడానికి ముందు ఏం జరిగింది? వాడేం చేశాడు? తర్వాత వాడికి ఏం దక్కింది? దక్కింది లెక్కల నుంచి విడుదల. పెన్సిలు విసరడం వాడి భాషలో, ఇది నా వల్ల కావడం లేదు అని చెప్పడం. అప్పుడు చెయ్యాల్సిన పని శిక్ష కాదు. కాసేపు ఆపు అని చెప్పే కార్డు ఒకటి వాడి చేతికిచ్చి, దాన్ని చూపించిన ప్రతిసారీ నిజంగా ఆపడం, పది లెక్కలు ఉన్న చోట మూడు లెక్కలతో మొదలుపెట్టడం. ఇలా వారాల తరబడి రాసుకుని, దాన్ని బట్టి పథకం వేసే పనిని బడివాళ్ళు ఎఫ్‌బీఏ, బీఐపీ అంటారు. మీటింగులో ఈ అక్షరాలు వినబడితే భయపడకండి. బిడ్డ మీద నేరపత్రం కాదది. పెద్దవాళ్ళు ఇకనుంచి ఏం మార్చుకోవాలో చెప్పే కాగితం.

నాలుగోది మాట పలకలేని పిల్లల మాట. టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కితే మాట పలికే పరికరాలున్నాయి. చాలా చోట్ల జరిగేదేమిటంటే, స్పీచ్ థెరపీ గదిలో అది బల్ల మీద ఉంటుంది, క్లాసుకు వచ్చేసరికి సంచీలో ఉంటుంది. క్లాసు టీచరుకు దాన్ని ఎలా వాడాలో ఎవరూ చూపించలేదు కనుక. ఈ పరికరం గురించి చట్టం ప్రత్యేకంగా చెప్పింది. సహాయక పరికరం ఇవ్వడంతో సరిపోదు, దాన్ని వాడడంలో బిడ్డకూ, అవసరమైతే ఇంటివాళ్ళకూ, ఆ బిడ్డతో పనిచేసే టీచర్లకూ శిక్షణ ఇవ్వడం కూడా ఆ సేవలో భాగమే. పిల్లవాడు బొమ్మ నొక్కాలంటే ముందు చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు రోజూ నొక్కుతూ మాట్లాడాలి. చుట్టూ మాట్లాడేవాళ్ళు లేకుండా ఏ బిడ్డా మాట నేర్చుకోలేదు గదా.

ఇప్పుడు అసిస్టెంట్ల సంగతి. మన తెలుగు ఆడవాళ్ళు చాలామంది ఈ ఉద్యోగంలో ఉన్నారు. ఇండియాలో ఎం.ఎస్సీ.లు, బీ.ఈడీ.లు చదివి, ఇక్కడ పని చేసుకునే అనుమతి రాగానే దగ్గర్లోని బడిలో సబ్‌స్టిట్యూట్‌గానో అసిస్టెంట్‌గానో చేరినవాళ్ళు. జీతం తక్కువ, పని భారం ఎక్కువ, ఓపిక మాత్రం అపారం. వాళ్ళంటే నాకు గొప్ప గౌరవం. కానీ ఒక బిడ్డకు వన్-టు-వన్ మనిషిని ఇచ్చేశారు, ఇక దిగులు లేదు అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండడం చూస్తే నాకు దిగులు వేస్తుంది. వెర్మాంట్ యూనివర్సిటీకి చెందిన మైఖేల్ జియాంగ్రికో బృందం 1997లో ఒక పరిశోధన అచ్చువేసింది. సహాయకురాలు బిడ్డను అంటిపెట్టుకుని ఉంటే ఏమవుతుందో వాళ్ళు క్లాసుల్లో కూర్చుని చూశారు. క్లాసు టీచరు ఆ బిడ్డ తన బాధ్యత కాదనుకోవడం మొదలుపెడుతుంది. తోటి పిల్లలు దూరంగా జరుగుతారు, ఎందుకంటే మధ్యలో ఎప్పుడూ ఒక పెద్ద మనిషి కుర్చీ ఉంటుంది. బిడ్డ ప్రతిదానికీ ఆ ఒక్క మనిషి మీద ఆధారపడతాడు. అందరికన్నా తక్కువ శిక్షణ ఉన్న మనిషికి అందరికన్నా కష్టమైన పాఠం అప్పజెప్పినట్టవుతుంది. దీనికి మందు అసిస్టెంట్‌ను తీసేయడం కాదు. ఎప్పుడు దగ్గరికి రావాలో, ఎప్పుడు రెండు అడుగులు వెనక్కి వెయ్యాలో ఆవిడకు నేర్పడం, ఆ నేర్పే సమయానికి కూడా ఆవిడకు జీతం ఇవ్వడం.

వర్జీనియా రాష్ట్రం ఈ విషయంలో కొంత చేసింది. ఆటిజం ఉన్న పిల్లల బాధ్యత చూసే టీచరు దగ్గర ఎవరినైనా సహాయకులుగా వేస్తే, వేసిన అరవై రోజుల్లోగా ప్రవర్తనకు సంబంధించిన శిక్షణ ఇచ్చి తీరాలని రాష్ట్ర చట్టం. అరవై రోజులంటే ఆగస్టులో చేరిన మనిషికి అక్టోబరు దాకా అన్నమాట. నా దృష్టిలో అది ఎక్కువ గడువు. కొత్త తరగతిలో బిడ్డకు అన్నిటికన్నా కష్టమైనవి మొదటి వారాలే.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా. 2019 మార్చిలో వాషింగ్టన్ రేడియో కేంద్రం డబ్ల్యూఏఎంయూ ఒక పరిశోధన కథనం ప్రసారం చేసింది. ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ బళ్ళలో వైకల్యమున్న పిల్లల్ని పట్టి అదమడం, గదిలో ఒంటరిగా ఉంచేయడం వందల సార్లు జరిగిందనీ, ప్రభుత్వానికి పంపిన లెక్కల్లో మాత్రం ఏళ్ళ తరబడి సున్నా చూపారనీ అందులో తేలింది. ఆ ఏడాదే తల్లిదండ్రులు, వికలాంగుల హక్కుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2021 చివర్లో రాజీ కుదిరింది. ఒంటరి గదులు పోయాయి. ఈ లోపు 2021 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా కొత్త నియమాలు వచ్చాయి. గొడవ ముదరకుండా చూడడం, ముదిరితే చల్లార్చడం ఎలాగో బడిలో పనిచేసే అందరికీ మొదటి విడత శిక్షణ ఉండాలి. పైస్థాయి శిక్షణ పొందిన అడ్మినిస్ట్రేటర్ ప్రతి బడిలోనూ కనీసం ఒకరుండాలి. పట్టి ఉంచాల్సి వస్తుందేమో అని టీం భావించిన పిల్లవాడితో పనిచేసే వాళ్ళకూ ఆ పైస్థాయి శిక్షణ ఉండాలి. అప్పటిదాకా పిల్లల్ని అదిమి పట్టిన చేతులన్నీ క్రూరమైనవని నేననుకోను. కేకలు పెడుతున్న పిల్లవాడి ముందు నిలబడి, ఇంకేం చెయ్యాలో ఎవరూ నేర్పని మనిషి, తెలిసిన ఒక్క పనే చేస్తుంది. కానీ ఆ గదిలో కూర్చున్న బిడ్డకు ఆ తేడా తెలియదు. శిక్షణ లేకపోతే మూల్యం చెల్లించేది ఎవరో ఇంతకన్నా స్పష్టంగా ఇంకెలా చెప్పాలి?

రాష్ట్ర శాసనసభకు లెక్కలు, నివేదికలు తయారుచేసి పెట్టే జేలార్క్ అనే కమిషన్ ఉంది. అది 2020 డిసెంబరులో వర్జీనియా ప్రత్యేక విద్య మీద నివేదిక ఇచ్చింది. వైకల్యమున్న పిల్లలు ఎక్కువ సమయం మామూలు క్లాసులోనే గడుపుతున్నా, ఆ క్లాసు టీచర్లలోనూ ప్రిన్సిపాళ్ళలోనూ చాలామందికి అందుకు తగిన తర్ఫీదు లేదని చెప్పింది. ఐఈపీల్లో ఉండాల్సినవి కొన్ని ఉండడం లేదనీ చెప్పింది. దాని ఫలితంగా 2021లో చట్టం మారింది. లైసెన్సు రెన్యూ చేసుకునే ప్రతి టీచరూ, లెక్కలు చెప్పినా చరిత్ర చెప్పినా, వైకల్యమున్న పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందాలి. ఒకే పాఠాన్ని వేర్వేరు పిల్లలకు వేర్వేరుగా అందించడం, ఐఈపీ టీంలో తన పాత్ర, ఇద్దరు టీచర్లు కలిసి ఒకే క్లాసు నడపడం అందులో ఉన్నాయి. డిస్లెక్సియా గుర్తులు తెలుసుకునే శిక్షణ అంతకు ముందే, 2017 నుంచి తప్పనిసరి.

మంచిదే. కానీ వర్జీనియా లైసెన్సు పదేళ్ళకొకసారి రెన్యూ చేసుకోవాలి, అందుకు 270 పాయింట్లు కూడబెట్టుకోవాలి. పదేళ్ళలో ఒకసారి విన్న పాఠం ఈ సోమవారం పొద్దున క్లాసులో ఎంత పనికొస్తుంది? బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లలోనే ఈ ప్రశ్న వేసుకున్నారు. ఉపన్యాసం వింటే టీచర్లకు అర్థమవుతుంది, చేసి చూపిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది, అయినా తమ క్లాసుకు వెళ్ళి దాన్ని చేసేవాళ్ళు బహు కొద్దిమంది. తెలిసిన మనిషి క్లాసులోకే వచ్చి, చూసి, మళ్ళీ మళ్ళీ సరిదిద్దుతుంటేనే అది అలవాటుగా మారుతుందని వాళ్ళు తేల్చారు. సంగీతం నేర్చుకునే పిల్లను గురువు పక్కన కూర్చోబెట్టుకుని స్వరం స్వరం సరిదిద్దినట్టు. టీచర్లకు మాత్రం ఏడాదికొక ఉపన్యాసం చాలునని ఎందుకనుకుంటామో నాకు బోధపడదు.

అలా పక్కన కూర్చునే మనుషుల్ని పంపే ఏర్పాటు మన దగ్గరే ఉంది. రాష్ట్ర విద్యాశాఖ డబ్బుతో కొన్ని యూనివర్సిటీల్లో టీ-టాక్ అనే కేంద్రాలు నడుస్తున్నాయి. ఉత్తర వర్జీనియాకు సంబంధించింది ఫెయిర్‌ఫ్యాక్స్‌లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఉంది. బళ్ళు అడిగితే శిక్షణ ఇస్తారు, టీచర్లకు పరికరాలూ పుస్తకాలూ అరువిస్తారు. ఆటిజం విషయంలో రిచ్‌మండ్‌లోని వీసీయూ నడిపే కేంద్రం ఉంది, ఆన్‌లైన్ పాఠాలున్నాయి. తల్లిదండ్రులకు హక్కులు, మీటింగుల తీరు నేర్పే పీయాట్‌సీ అనే సంస్థ 1978 నుంచి ఈ రాష్ట్రంలో పనిచేస్తోంది. మీటింగులో వీటి పేర్లు మీరు ఎత్తవచ్చు. ఈ బిడ్డ కోసం టీ-టాక్ సాయం అడిగారా అని ఒక తల్లి అడిగితే, ఆ ప్రశ్న మీటింగు నోట్సులోకి ఎక్కుతుంది.

ఇక మన ఇళ్ళ నుంచి టీచర్లు నేర్చుకోవాల్సినవి కొన్నున్నాయి, అవి మనం తప్ప ఇంకెవరూ నేర్పలేరు. పరీక్షలు పెట్టేటప్పుడు బిడ్డ సొంత పనులు ఎంతవరకు చేసుకుంటాడో తెలుసుకునే ప్రశ్నాపత్రం ఒకటి ఇస్తారు. ఫోర్కు, స్పూను వాడతాడా అని అందులో ఉంటుంది. ఇంట్లో చక్కగా అన్నం కలుపుకుని, ముద్ద చేసుకుని తినే అయిదేళ్ళ పాప అక్కడ వెనకబడినట్టు లెక్కకొస్తుంది. చేత్తో అన్నం కలిపి కిందపడకుండా తినడానికి వేళ్ళకు ఎంత నేర్పు కావాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చెబితే, ఆవిడ సంతోషంగా రాసుకుంటుంది. పెద్దవాళ్ళు మందలిస్తుంటే తల వంచుకోవాలని మనం నేర్పుతాం. కళ్ళలోకి చూడడం లేదని అక్కడ రాస్తారు. సరేనంటూ తల అటూ ఇటూ ఊపితే కాదంటున్నాడనుకుంటారు. ఇవన్నీ రెండు పేజీల కాగితం మీద రాసి ఇవ్వండి. బిడ్డ పేరు ఎలా పలకాలో ఫోనులో రికార్డు చేసి పంపండి.

భాష సంగతి కూడా. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, బిడ్డ తికమకపడతాడు అని ఎవరో చెబితే విని, అమ్మమ్మతో మాట కూడా మాన్పించిన కుటుంబాలు నాకు తెలుసు. ఆటిజం ఉన్న పిల్లల్లో రెండు భాషల మధ్య పెరిగేవాళ్ళను, ఒకే భాష మధ్య పెరిగేవాళ్ళను కెనడాలో హ్యాంబ్లీ, ఫాంబోన్ పోల్చి చూసి 2012లో ప్రకటించారు. రెండో భాష వల్ల అదనపు ఆలస్యమేదీ వాళ్ళకు కనబడలేదు. మాట పలికే పరికరాల్లో చాలావాటిలో మీ గొంతు రికార్డు చేసి పెట్టుకునే వీలుంది. నీళ్ళు, అమ్మమ్మ, చాలు... ఈ మూడు మాటలు మీ గొంతుతో ఆ పెట్టెలో ఉండవచ్చు. పెట్టించమని అడగండి. మీకు ఇంగ్లీషులో మీటింగు అర్థం చేసుకోవడం కష్టమైతే తెలుగు దుబాసీని బడే ఏర్పాటు చేయాలి, ఖర్చు మీది కాదు. ఇది మీకు చేసే ఉపకారం కాదు, నియమం.

ఇండియాలో మన ఊళ్ళ సంగతి రెండు ముక్కల్లో. అక్కడ అమ్మానాన్నలు, అత్తమామలు ఈ ప్రసంగం వింటుంటే, మనవాళ్ళకు ఇవన్నీ ఎక్కడున్నాయి అనుకోవచ్చు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మేధోవైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లను దేశం మొత్తానికి తయారుచేసే చోట్లలో అది ముఖ్యమైనది. 1992 చట్టంతో రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కు చట్టబద్ధత వచ్చాక స్పెషల్ టీచర్లకు రిజిస్ట్రేషనూ, మధ్యమధ్య శిక్షణతో దాన్ని రెన్యూ చేసుకోవడమూ వచ్చాయి. లోటు ఎక్కడంటే బళ్ళలో ఉద్యోగాలు. మండలాల్లో ఈ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో రిసోర్స్ టీచర్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పిల్లల్ని సాకారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2022లో కేంద్ర ప్రభుత్వం, ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలంది. 2024లో తెలంగాణ టీచర్ల నియామకాల్లో (డీఎస్సీలో) 796 సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ), 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఈ విభాగంలో వచ్చాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. పోస్టులు నిండాక, పక్క గదిలో మామూలు తరగతి చెప్పే పంతులుగారికి ఎవరు నేర్పుతారన్నది అక్కడా ఇక్కడా ఒకటే ప్రశ్న.

ఇప్పుడు పని మాటలు. మీ తర్వాతి మీటింగులో ఈ నాలుగూ అడగండి, మర్యాదగా, నవ్వుతూనే. నా బిడ్డతో రోజులో ఎక్కువసేపు ఉండేది ఎవరు? ఆ మనిషికి నా బిడ్డ విషయంలో ఏ శిక్షణ ఉంది, ఎవరిచ్చారు? ఐఈపీలో సిబ్బంది తోడ్పాటు దగ్గర ఏం రాస్తున్నారు, ఎన్ని గంటలు, ఏ తేదీలోగా? ఆ మనిషి సెలవు మీద వెళ్తే వచ్చే సబ్‌స్టిట్యూట్‌కు ఎవరు చెబుతారు? జవాబు నోటిమాటగా ఇస్తే, దయచేసి కాగితం మీద పెట్టండి అనండి. టీచరు మీద ఫిర్యాదులా కాకుండా, టీచరు తరఫున అడుగుతున్నట్టు అడగండి. నిజానికి అంతే కూడా. శిక్షణకు క్లాసు వదిలి వెళ్ళడానికి సమయం దొరకక బాధపడే టీచర్లు ఎందరో నాకు తెలుసు. మీ సంతకమున్న కాగితంలో శిక్షణ గురించి ఆ వాక్యం ఉంటే, ప్రిన్సిపాల్ దగ్గర వాళ్ళ చేతికి బలం వస్తుంది. ఇంట్లో ఆ పద్ధతులు పాటించడానికి మీకూ నేర్పమనండి. తల్లిదండ్రులకు శిక్షణ కూడా చట్టం లెక్కలో ఒక సేవే.

ఆగస్టులో పిల్లల కన్నా ముందే టీచర్లు బడికి వస్తారు. గదులు సర్దుకుంటారు, పేర్లు అతికిస్తారు. ఆ రోజుల్లోనే, క్లాసు టీచరూ అసిస్టెంటూ కలిసి ఉండేలా, ఒక్క ఇరవై నిమిషాలు కావాలని జూలైలోనే ఈమెయిల్ రాయండి. ఇరవై నిమిషాలు దొరికితే బిడ్డను కూడా తీసుకెళ్ళండి. వాడు జిప్పు తీస్తుంటే ఎంతసేపు ఆగాలో ఆ ఇద్దరికీ చూపించండి.